పచ్చాకు రంగు స్కూటరు

టాటానగర్,
11-9-1982

చి.ల.సౌ. రమాదేవికి,

జగ్గారావు ఆశీస్సులు. ఇక్కడ నేను, పొయ్యి, పెరట్లో నీ బచ్చలి పాదు అందరం కులాసా. పొయ్యి మీద ఏం ఉడుకుతోందని మాత్రం అడక్కు. ఖరగ్‌పూర్‌లో నువ్వూ, చిన్నమ్మీ, పసివాడూ క్షేమమని తలుస్తాను. మనవడికి నా ముక్కే వచ్చిందని రాశావు. పాపం, పెద్దయ్యాక అలవాటు పడతాడులే.

గాబు కడిగించానా అని అడిగావు. కడిగించాను. కూరలు పక్కింటి చిలకమ్మ పంపుతోంది. మొగుడు పాయింట్స్‌మన్ కదా, డ్యూటీలో ఉన్న పూట ఆయన వంతు కూడా నాకే పెడుతోందేమోనని అనుమానం. ఇక స్కూటరు సంగతి అడిగావు. దాని గురించే ఎక్కువ రాయాలి.

విశ్వకర్మ పూజకి అది కొత్త రంగుతో నిలబడాలని ఆర్డరు వేసి మరీ వెళ్ళావు కదా. మేస్త్రీకి ఇవ్వను, నేనే వేస్తానన్నాను. కాలనీలో గేట్ల దగ్గర్నుంచి ట్రంకుపెట్టెల దాకా అన్నీ గూడ్సు వ్యాగన్ల ఎర్రమట్టి రంగే, ఆ రంగు మాత్రం వద్దన్నావు. పచ్చాకు రంగు కావాలని నీ జాకెట్టు గుడ్డ ముక్క కత్తిరించి ఇచ్చావు. అది జేబులో పెట్టుకుని సాక్చీ బజారుకి వెళ్ళాను. కొట్టతను రంగుల కార్డు పరిచాడు. గుడ్డని ఒక్కో రంగు పక్కనా పెట్టి చూసి, ఇదే అని వేలు పెట్టాను. అతను గుడ్డనీ, నన్నూ చూసి "పక్కా యహీ?" అన్నాడు, ఖాయంగా ఇదేనా అని. రెండోసారి కూడా అడిగేసరికి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు సిగ్నళ్ళు చూసి బండి నడిపినవాడికి రంగులు నేర్పుతావా అని హిందీలో దులిపేశాను. అతను డబ్బా కట్టి ఇచ్చాడు.

ఉప్పుకాగితంతో పాత రంగంతా గీకాను. సొట్టలకి పుట్టీ పెట్టాను. దోమల మందు కొట్టే పంపు శుభ్రంగా కడిగి, రంగులో థిన్నరు కలిపి, ముందు ఒక పాత రేకు మీద కొట్టి చూసుకున్నాను. పని బాగా కుదిరింది, ఎక్కడా కారలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను నేనే మెచ్చుకుంటున్నాను, అంతలో చిలకమ్మ గోడ మీంచి తొంగి చూసింది.

"ఏటి బావగారూ, అక్క పచ్చాకు రంగెయ్యమంటే ఎండాకు రంగేసీసారు?"

వేళాకోళం అనుకుని నేనూ నవ్వాను. గుడ్డ ముక్క తీసి ఎండలో స్కూటరు మీద పెట్టి, చూడమ్మా, రెండూ ఒకటే కదా అన్నాను. చిలకమ్మ నవ్వడం ఆపేసింది.

ఇక్కడిదాకా రాసి కలం మూసేశాను. టీ తాగి మళ్ళీ కూర్చున్నాను. నీకు చెప్పక తప్పదు.

సిగ్నలు కనబడగానే ఇంజనులో ఇద్దరం దాని రంగు పైకి పలకాలని నీకు తెలుసు. నిద్రలో కూడా పలుకుతానని నవ్వేదానివి. మర్నాడు డ్యూటీ ఎక్కగానే నా అసిస్టెంటు ఆదిబాబుతో, ఇవాళ నేను చెప్పేదాకా నువ్వు పలకొద్దు అన్నాను. చక్రధర్‌పూర్ వైపు మొదటి సిగ్నలు వచ్చింది. దీపం కనబడింది. వెలుగు కనబడింది. అది ఏ రంగో తెలియలేదు. చెయ్యి బ్రేకు మీదకి పోయింది. అప్పుడు ఆదిబాబు మెల్లిగా పచ్చ అన్నాడు. కొంతదూరం పోయాక నా వైపు చూడకుండానే అన్నాడు.

"మీరు ముందు పలకడం మానేసి ఏడాది అయిపోనాది బాబూ. నాను పలికినాకే మీరు పలుకుతన్నారు. నాకు తెల్సు."

నాకు తెలియదని నీ దగ్గర ఒట్టు వెయ్యలేను, రమా. మసక మసకగా తెలుస్తూనే ఉంది, మనసు దాన్ని దగ్గరికి రానివ్వలేదు.

కళ్ళ పరీక్ష వచ్చే ఏడు. అందాకా ఇలాగే లాగించేద్దామన్నాడు ఆదిబాబు. నా మీద గౌరవం కొద్దీ అన్నాడు. కానీ ఒక్క పూట వాడికి కునుకు పడితే? వెనక పెట్టెల్లో పిల్లల్ని ఒళ్ళో వేసుకుని పడుకున్నవాళ్ళు మమ్మల్ని నమ్మి పడుకున్నారు. బండి దిగి తిన్నగా రైల్వే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. రంగు చుక్కల్లో అంకెలు దాచిన పుస్తకం తెరిచాడు. మొదటి పేజీ తప్ప ఒక్క అంకె కూడా చదవలేకపోయాను. నన్ను ఎరిగినవాడు కాబట్టి, కళ్ళు అలిసినట్టున్నాయి, రెండు వారాలు సెలవు పెట్టి రండి, మళ్ళీ చూద్దాం అన్నాడు. ఉన్నది ఉన్నట్టు రాసెయ్యండి సార్ అన్నాను.

రంగుల చూపు పోయిందని రాసేశాడు. నన్ను ఇంజను దించేశారు. షెడ్డులో కూర్చునే పని ఏదో చూస్తారట. డ్యూటీ బాగానే సాగుతోందని పోయిన ఉత్తరంలో రాసింది అబద్ధం. చిన్నమ్మి పచ్చి బాలెంతరాలు, తనకి ఇప్పుడే చెప్పకు.

చేసింది మంచి పనేనని తెలుసు, అందుకు బాధ లేదు. అయినా నిన్న ఒకటి జరిగింది. డ్రైవర్లని డ్యూటీకి పిలిచే ముసలయ్య మధ్యాహ్నం అలవాటు కొద్దీ మన గేటు ముందు సైకిలు ఆపాడు. నోరు తెరిచి, ఏదో గుర్తొచ్చి ఆగిపోయాడు. నన్ను చూడనట్టే సైకిలు తిప్పుకుని పక్క వరసకి వెళ్ళిపోయాడు. వాడి కేక విని ఎన్నిసార్లు విసుక్కున్నానో, ఎన్ని పూటలు తింటున్న కంచం ముందు నుంచి లేచానో నీకే తెలుసు. నిన్న గుమ్మంలో నిలబడి ఏడ్చాను.

పసివాడికి మూడో నెల వచ్చాకే బయలుదేరమని రాద్దామని కూర్చున్నాను. అలా రాయలేకపోతున్నాను. వియ్యపురాలికి నచ్చజెప్పి నువ్వు వచ్చెయ్యి. ఈ ఇంట్లో నన్ను పిలిచేవాళ్ళు ఎవరూ లేరు.

ఇట్లు,
మన చిన్నమ్మి నాన్న,
జగ్గారావు