మూత తీయని సీసా

మార్చి 3
పెట్రోల్ బంకు వెనక మూడు బోర్లు వేశాం. భూమిలో ఉన్న ట్యాంకులు కారి నీళ్లలో కలుస్తున్నాయేమో చూడాలి. మొన్ననే మా కాలుష్య నియంత్రణ ఆఫీసులో కొత్తవాళ్లకి శాంపిల్ ఎలా తియ్యాలో గంటసేపు క్లాసు పీకాను. అందుకే ఇవాళ సీసా సీసాకీ గ్లోవ్స్ మార్చాను, నలుగురూ చూసేలా. బంకు నడిపే పెద్దావిడ ఎండలో కళ్లు తిరుగుతాయంటూ నాకు నీడలో కుర్చీ వేయించింది.

మార్చి 12
రిపోర్టు వచ్చింది. మూడు బోర్లలోనూ బెంజీన్, పెట్రోల్లో ఉండే విషం. నోటీసు అంటించాం. బంకు మూత.

మార్చి 14
నిన్నటిదాకా ఎవరికీ రాని వాసన ఇవాళ వీధిలో అందరి బావుల్లోనూ వస్తోందట. టైలరుకైతే చిన్నప్పట్నుంచీ వస్తోందట. నవ్వొచ్చింది.

మార్చి 15, సాయంత్రం 6
నవ్వు పోయింది.
ల్యాబ్ నుంచి మిగిలిన కాగితం వచ్చింది, ట్రిప్ బ్లాంక్‌ది. మంచినీళ్లు పోసి, సీలు వేసి, దారిలో ఏమన్నా కలిస్తే తెలిసేలా శాంపిళ్లతో పాటు తిప్పి తెచ్చే సీసా అది. దాని మూత కూడా తీయం. అందులోనూ బెంజీన్ ఉంది. అంటే పెట్రోల్ నేలలోంచి రాలేదు, నా జీపులోంచి వచ్చింది. జనరేటర్ కోసం తెచ్చిన పెట్రోల్ డబ్బా పక్కనే శాంపిళ్ల పెట్టె పెట్టాను. డబ్బా మూత వదులుగా ఉందని తెలుసు. తర్వాత చూద్దాంలే అనుకున్నాను.
అందరికీ నీతులు చెప్పినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని ఒప్పుకోను? కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

మార్చి 16
చెప్పలేదు.

మార్చి 23
ట్యాంకులు తవ్వి బయటికి తీశారు. చుట్టూ పొడి మట్టి. ట్యాంకులకి ఒక్క చిల్లు లేదు. పైపులోంచి కారి ఉంటుందిలే అన్నారు మా ఆఫీసరుగారు. నేను తలూపాను. ఆ తల మీద మొట్టాలి.
పెద్దావిడ నన్ను పక్కకి పిలిచింది. వీధిలో పసిపిల్లలున్నారు, వాళ్లకేమన్నా అవుతుందా బాబూ అని అడిగింది. ఈ వారంలో పదకొండిళ్ల గుమ్మాలు ఎక్కి దిగిందట, తన ట్యాంకు చేసిన పాపానికి క్షమించమని. కొందరు తలుపే తియ్యలేదట. కిటికీ దగ్గర నిలబడి చెప్పి వచ్చిందట.
సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నిజం చెప్పకుండానే జీపెక్కాను.

మార్చి 24, ఉదయం 10
కాగితం ఆఫీసరుగారి బల్ల మీద పెట్టాను. ఎన్నాళ్లుగా నీ దగ్గరుంది అన్నారు. తొమ్మిది రోజులన్నాను. ఆయన నా మొహం చూడకుండానే, మళ్లీ శాంపిళ్లు తీయిస్తాననీ, నన్ను ఆ ఛాయలకి వెళ్లొద్దనీ చెప్పారు.

ఏప్రిల్ 1
కొత్త రిపోర్టు. నీళ్లు శుభ్రం.
వెళ్లొద్దన్నా వెళ్లి పెద్దావిడకి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను, కొడుతుందనీ ఆశపడ్డాను. విని, చెప్పులు వేసుకుంది. ఈ మాట నాకెందుకు, ఆ పదకొండిళ్లలో చెప్పు, పద అంది. ఇవాళ కాదు, రేపు వస్తానన్నాను.

ఏప్రిల్ 2
అన్ని గుమ్మాల్లోనూ చెప్పాను. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అందరూ ఆవిడ ముందు తల దించుకున్నారు. వాళ్లకి ఆ సిగ్గు తెచ్చిపెట్టింది కూడా నేనే.