ముట్టుకుంటే ఐదు గుండీలు

జూన్ 5, గురువారం

పొద్దున 7:10. మా కంప్యూటర్‌కి నెట్ వచ్చింది! గోడలోంచి తీగ రాలేదు, ఎవరూ నిచ్చెన ఎక్కలేదు. బాబాయి నా ఫోనుకి వైరు గుచ్చి, రెండో కొస కంప్యూటర్‌కి గుచ్చి, ఫోన్లో ఒకచోట నొక్కాడు. అంతే. బాబాయి వాళ్ల ఆఫీసు వద్దనుకుంటే మా ఇంటికొచ్చి, రెండేళ్లుగా అమ్మ లైనింగు గుడ్డలకి బల్లగా పనిచేస్తున్న కంప్యూటర్ కళ్లు నులుముకుని లేచింది.

"ఇకనుంచి నీ ఫోను ఫోను కాదు పండితులవారూ, కుళాయి. ఇదిగో, ఇది బిందె" అన్నాడు బాబాయి. ఆయనది కరెంటు పని. ఉపమానాలు మాత్రం అన్నీ నీళ్లవే.

సరిగ్గా సమయానికి! పెద్ద గ్రంథాలయం వాళ్లు పది రోజుల మాటల శిబిరం పెడుతున్నారు. నిఘంటువు ఎలా తయారవుతుందో నేర్పుతారట. ఇరవై మందికే చోటు. చేరాలంటే రకరకాల వృత్తులవాళ్లు పనిలో వాడే మాటలు వంద ఏరి, అర్థాలు రాసి, వాళ్ల సైటులో పంపాలి. గడువు 14, శనివారం సాయంత్రం 5. ఈ చోటు నాకు రావాలి. రాకపోతే ఏమవుతానో రాయడానికి నా దగ్గర మాట లేదు.

ఒక్కటే బెంగ. వైరు పొడవు మూరెడు. సిగ్నల్ అందేది ముందుగది కిటికీలో. అంటే కంప్యూటర్ కిటికీ కింద, ఫోను నా చేతికి మూరెడు దూరంలో.

అందుకని ప్రతిజ్ఞ, ఎర్ర సిరాతో: గడువు దాటేదాకా నా ఫోను కుళాయి మాత్రమే. ముట్టుకోను.

"ముట్టుకుంటే?" అంది అమ్మ, కుట్టుమిషను ఆపకుండానే.

"నువ్వు ఏ శిక్ష వేస్తే అది."

అమ్మ గదంతా చూసింది. బడి యూనిఫాం చొక్కాలు అరవై, గుండీల్లేకుండా గుట్టగా ఉన్నాయి.

"ముట్టుకుంటే ఐదు గుండీలు. ఒక చొక్కా."

"ముట్టుకుంటే కదా!" అన్నాను. అమ్మ నవ్వింది. ఎందుకో?

మాటలు 0. గుండీలు 0.

జూన్ 6, శుక్రవారం

మూడు గంటలు ముట్టుకోలేదు! నెట్‌లో వెతికి 31 మాటలు రాశాను. ఫోను నిజంగానే కుళాయి.

"నీ ఫోను కుయ్యిమందే" అంది అమ్మ.

"అననీ."

"స్నేహితురాలేమో."

"కానీ."

"పాపం, ఏం కష్టమొచ్చిందో ఏమో."

చూడలేదు! నేను రాయిని.

జూన్ 7, శనివారం

10:40. నెట్ ఆగిపోయింది. కంప్యూటర్ తనకి తాను కొత్త సరుకు దించుకుంటోంది, 38 శాతం అయిందట. ఈ రోజుకి నాకున్న డేటా అంతా అదే తాగేసింది!

"రెండేళ్ల దాహం మరి" అన్నాడు బాబాయి. ఏవో రెండు గళ్లలో టిక్కులు పెట్టాడు. "ఇక అడక్కుండా చుక్క ముట్టదు."

ఆయన చూపించమంటేనే ఫోను తీసి ఇచ్చాను.

"పనికోసమమ్మా!"

"చెయ్యి తగిలిందా లేదా?"

5 గుండీలు. గట్టిగా బిగించి కుట్టాను. కాజాలో దూరలేదు. "కాడ వదలాలే" అంది అమ్మ. "గుండీకీ గుడ్డకీ మధ్య దారం కొంచెం కాడలా నిలబడాలి. లేకపోతే దానికి ఊపిరాడదు."

మాటలు 52.

జూన్ 9, సోమవారం

8:15. టైము చూడ్డానికి తీశాను. గోడ గడియారం నా వీపు వెనక ఉంది. 5.

9:02. ఛార్జింగ్ ఎంతుందో తెలియాలి కదా. 5.

9:30. దుమ్ము తుడిచాను. శుభ్రత నేరమా? "కాదు, ఐదు" అంది అమ్మ.

11:00. స్నేహితురాలి సందేశం: "బతికున్నావా?" బతికున్నానని చెప్పడం ధర్మం. 5.

11:04 నుంచి 12:20. ఎవరో తుప్పు పట్టిన కత్తికి సాన పట్టే వీడియోలు. సాన! ఎంత పదునైన మాట! ఇది పరిశోధన.

"పరిశోధనకైతే పది."

మొత్తం 30. అమ్మ సూదికి దారం ముందే ఎక్కించి ఉంచుతోంది. నామీద నమ్మకం లేదనుకోవాలా, నమ్మకం చాలా ఉందనుకోవాలా?

జూన్ 10, మంగళవారం

చేత్తో ముట్టుకోలేదు. ముక్కుతో నొక్కాను.

"ముక్కు నీదేనా, పక్కింటివాళ్లదా?" అంది అమ్మ. 5.

మాటలు 74. మాటల్లోనన్నా నేను గెలుస్తున్నాను.

జూన్ 11, బుధవారం

గెలవడం లేదు.

శిబిరం నియమాలు పూర్తిగా చదివాను. చివర చిన్న అక్షరాల్లో ఉంది: "నిఘంటువుల్లో ఇప్పటికే ఉన్న మాటలు చెల్లవు. ప్రతి మాట పక్కనా దాన్ని మీకు చెప్పిన మనిషి ఎవరో రాయాలి." నావన్నీ నెట్‌లో నిఘంటువుల్లోంచి తోడినవే. 74 కాస్తా 0. ఇంకా మూడు రోజులు.

శిక్ష లేకుండానే వెళ్లి అమ్మ పక్కన కూర్చుని, ఒక చొక్కా తీసుకున్నాను. కన్నీళ్లు ఆగలేదు.

"ఏడుస్తూ కుట్టకు. దారం తడిస్తే మొండిపోగవుతుంది."

"మొండిపోగేంటి?"

"తెగమంటే తెగదు, జరగమంటే జరగదు. నీలాగ."

ముక్కు తుడుచుకున్నాను. "ఇంకా?"

"ఇంకా ఏంటి?"

"ఇలాంటివి ఇంకా చెప్పు."

"ఇవీ మాటలేనా! నోటికొచ్చినవి."

"నోటికొచ్చినవే కావాలమ్మా!"

చెప్పింది. మిషను తొక్కుతూనే చెప్పింది. దొంగకుట్టు: పైకి కనపడకుండా మడత లోపలే నడిచే కుట్టు. ఆకలిగుడ్డ: ఎంత కొలిచి కత్తిరించినా చివరికి చాలనిది. చుట్టపుగుండీ: ఒకటి ఊడిపోతే డబ్బాలో వెతికి పెట్టింది, మిగతావాటితో పోలిక లేకపోయినా వరసలో కలిసిపోయేది. మొన్నటి కాడ కూడా రాసుకున్నాను. ఇన్నేళ్లూ ఈ గదిలోనే పెరిగాను. ఇవన్నీ నా చెవి పక్కనుంచే పోయాయి.

మాటలు 23. గుండీలు లెక్కపెట్టలేదు.

జూన్ 13, శుక్రవారం

మాటలు 96! గుండీలు 150. అందులో శిక్షలు నలభై, మిగతావి వద్దన్నా కుట్టినవి. చేతులు పని మీద ఉంటేనే అమ్మ నోరు తెరుచుకుంటుంది. నావైనా సరే, తనవైనా సరే.

మిగిలిన నాలుగు బాబాయివి.

జూన్ 14, శనివారం

11:00. వంద! టైపు చేయడం కూడా అయిపోయింది. గడువుకి ఆరు గంటలుంది. ఒక్కసారి పైనుంచి కిందికి చదివి పంపడమే. అంతకన్నా ముందు పది నిమిషాల విశ్రాంతి.

4:20. పది నిమిషాలు ఇప్పుడే అయ్యాయి. (సాన వీడియోలు. తర్వాత తాళాలు బాగుచేసేవి. తర్వాత ఏమిటో గుర్తులేదు.) అమ్మ ఒక్కసారికే లెక్క కట్టింది: "చెయ్యి తీస్తే కదా రెండోసారి ముట్టుకున్నట్టు!"

4:24. 'పంపించు' నొక్కాను. నెట్ లేదు!!

"బాబాయ్! కంప్యూటర్ మళ్లీ తాగేసింది!"

బాబాయి నా ఫోను తీసుకుని లెక్క తెరిచాడు. కంప్యూటర్ వాడింది చారెడు. మిగతాదంతా వీడియోలు.

"బిందెని తిట్టకు. ఈసారి కుళాయే తాగింది నీళ్లన్నీ" అన్నాడు, మెల్లగా. అరిచినా బాగుండేది.

రీచార్జి కొట్టు ఐదు దాటితే గాని తెరవరు. బాబాయిదీ అమ్మదీ మీటల ఫోన్లు.

4:35. చొక్కాల కోసం బడి నుంచి డ్రిల్లు మాస్టారు వచ్చారు. ఆయన చేతిలో పెద్ద ఫోను! కాళ్ల మీద పడ్డంత పని చేశాను. "సార్, పది నిమిషాలు మీ నెట్ ఇవ్వండి సార్."

"అరవై చొక్కాలు చేతికొచ్చాక చూద్దాం."

యాభై తొమ్మిదే అయ్యాయి. అరవయ్యోది నా వంతు. ఇందాకటి వీడియోల బాకీ.

కుట్టాను. ఐదు గుండీలు, ఆరు నిమిషాలు, ప్రతిదానికీ కాడ వదిలి. ఆయన ఒక గుండీ లాగి చూశారు, ఇంకోటి లాగి చూశారు. అప్పుడు జేబులోంచి ఫోను తీశారు. ఆయన తన నెట్‌కి పెట్టుకున్న పేరు: "అడగొద్దు".

4:49. మాస్టారి ఫోను నుంచి నా ఫోనుకి, నా ఫోను నుంచి వైరులో కంప్యూటర్‌కి. కుళాయికి కుళాయి.

4:57. "మీ జాబితా అందింది."

అందరం ఒక్కసారే ఊపిరి వదిలాం. మాస్టారు కూడా.

"ఇప్పుడు ఫోను పట్టుకున్నావుగా? ఐదు" అంది అమ్మ.

"చొక్కాలైపోయాయి కదమ్మా!"

"గౌన్లున్నాయి."

జూన్ 19, గురువారం

జవాబొచ్చింది. ఇరవై పేర్లలో నాది పందొమ్మిదోది! మూడుసార్లు చదివాను. కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి: "తొంభై ఆరు మాటలకి ఎదురుగా 'చెప్పినవారు: మా అమ్మ, దర్జీ' అని రాశారు. వీలైతే ఆవిడ ఒకరోజు వచ్చి మాతో మాట్లాడగలరా?"

అమ్మకి పైకి చదివి వినిపించాను. పని మధ్యలో మిషను ఆగడం నేను వినడం ఇదే మొదటిసారి.

"నేనా? నేనేం చెప్తానే? నాకేమొచ్చు?"

"నోటికొచ్చినవి చెప్పు."

అమ్మ దారం కొస కొరికి తుంచింది. తర్వాత, "మంచి చీరకి అంచు కుట్టుకోవాలి" అని మళ్లీ మిషను తొక్కింది.

చిన్న అక్షరాలు ఈసారి ముందే చదివాను. ఒకటి: శిబిరం మొదలయ్యేదాకా రోజుకి ఐదు కొత్త మాటలు పంపాలి. రెండు: శిబిరంలో నెట్ ఉండదు, ఎవరి ఫోను నుంచి వాళ్లు తెచ్చుకోవాలి.

కాబట్టి కొత్త ప్రతిజ్ఞ, ఎర్ర సిరాతోనే. ఫోను కుళాయి మాత్రమే. చేత్తో గాని, ముక్కుతో గాని ముట్టుకోను. గౌనుకి వెనక ఎనిమిది గుండీలు, కాబట్టి శిక్ష ఎనిమిది.

రేపు పొద్దున 6:30 కి మొదలు. ఫోను కిటికీలో, తెర గోడవైపు. నేను కంప్యూటర్ ముందు, చేతులు కట్టుకుని. సూది నా కుర్చీ దిండుకి గుచ్చి ఉంటుంది. అమ్మ ఇప్పుడే దారం ఎక్కించి పెట్టింది.