ఎంగిలి ట్యాంకు, మూడు ముందు గదులు

కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతూ, పత్రికలకు వ్యాసాలు రాసి అందరితో తగువు పెట్టుకున్న నేను, యాభై మూడో ఏట, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా నా చేత్తో రాస్తున్నాను. నా బుద్ధి సరిగా ఉందని డాక్టరు ధ్రువీకరించాడు. ముక్కు కూడా సరిగానే ఉందని నేను ధ్రువీకరిస్తున్నాను. ఈ వీధిలో అసలు కంపు ఎక్కడిదో నాకు తెలుసు.

1. నా స్వార్జితమైన ఇంటికి, పెరటికి, పెరట్లోని బయోగ్యాస్ ట్యాంకుకు ఇదే చివరి ఏర్పాటు. పాత కాగితాలు చెల్లవు.

2. పెరడు, ట్యాంకు, పైపులు, పొయ్యి అక్కకు. అక్క అంటే తోడబుట్టింది కాదు, పన్నెండేళ్లుగా హోటళ్ల ఎంగిలి బకెట్లలో ప్లాస్టిక్ ఏరేసి, మిగిలినది నీళ్లలో కలిపి ట్యాంకులో పోస్తున్న మనిషి. గాలి చొరబడని ఆ ట్యాంకులో కంటికి కనబడని జీవులు ఎంగిలి తిని గ్యాస్ ఇస్తాయి. ఆ మంట మీద వీధి ఊడ్చేవాళ్లకు టీ కాగుతుంది. బకెట్లలో ఏమొస్తాయో చదివితే వాంతి వస్తుంది కాబట్టే రాస్తున్నాను: డైపర్లు, జుట్టు ఉండలు, కఫం తుడిచిన కాగితాలు, బ్లేడ్లు. ఒక బ్లేడుకు ఆమె అరచేతిలో ఏడు కుట్లు పడ్డాయి. అవి వేసినవాళ్లే ఆమె ఎదురొస్తే ముక్కు మూసుకుంటారు. గంట కిందట లొట్టలేసుకుంటూ తిన్నదే కదా, పళ్లెం దాటగానే అంత రోత ఎక్కడిది?

3. పక్క హోటలు మా అన్నయ్యది. "ఏమే, ఇంట్లో పెంట పెంచుతున్నావా?" అని గోడ మీంచి నన్ను అడిగేవాడు. అక్క ఊరుకునేది కాదు: "మీ కడుపులో జరిగేదీ ఇదే సారూ. మూత గట్టిది కాబట్టి బతికిపోయారు." నిరుడు మేనేజరు తెచ్చిన చీటీ మీద చూడకుండా సంతకం గీకి, ఓ విందు ఎంగిలి నాలుగు డ్రమ్ములు ఒక్క పూటలో ట్యాంకులో పోయించాడు. ట్యాంకు పులిసిపోయింది. పదహారు రోజులు మంట లేదు. అక్క మేత ఆపి, సున్నపు నీళ్లూ పేడనీళ్లూ కొద్దికొద్దిగా పోసి, పొద్దునా సాయంత్రం వాసన చూస్తూ దాన్ని బతికించింది. అన్నయ్య ఒక్కసారి కూడా వంగి చూడలేదు.

4. అయినా ఇల్లంటే ఉన్న మూడు ముందు గదులూ అన్నయ్యకే రాస్తున్నాను. ఒక్క మెలిక. సాక్షి సంతకం పెట్టినవారికి ఆ వీలునామాలో ఏదీ దక్కదని వకీలు చెప్పాడు. అందుకే సాక్షిగా అక్కను పిలవలేదు, అన్నయ్యను పిలిచాను. కాగితం ట్యాంకు గట్టు మీదే పెడతాను. వంగి చదివితే సంతకం పెట్టడు, గదులు తీసుకుంటాడు, నాకు సంతోషం. చదవకుండా పెడితే ఆ గదులూ అక్కవే.

5. బీరువాలోని ఆరు జతల రబ్బరు చేతి తొడుగులు కూడా అక్కకే. అంత చిన్న చేతికి సరిపోయేవి వెతకడానికి నాలుగు నెలలు పట్టింది.

6. నా శరీరం వైద్య కళాశాలకు. ట్యాంకులో వేయమందామనుకున్నాను. ఎముకలు అరగవని అక్క ఒప్పుకోలేదు.

7. ఇవన్నీ జరిపించే బాధ్యత వకీలుది.

తేదీ: 14 మార్చి 2023, ఉదయం పదకొండు, ట్యాంకు పక్కన.

(సంతకం) వీధివాళ్లు ట్యాంకు టీచరమ్మ అని వెక్కిరించే నేను

సాక్షులు:
1. డాక్టరు (సంతకం). చదువుకోమని పక్కాయనకు రెండుసార్లు చెప్పాను.
2. హోటలు యజమాని, స్వయానా అన్నయ్య (సంతకం)