కర్త లేని వాక్యం

సెప్టెంబరు 14, శనివారం

గెలిచాం. అయినా ఒళ్లు మండుతోంది. హైస్కూల్లో వ్యాకరణం చెప్పి రిటైరైన నాకు మిగిలిన పని ఒక్కటే, కాలేజీ స్టేడియంలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలకు మైకు ముందు కూర్చోవడం. చేతికిచ్చిన చీటీ చదవాలి. ఇవాళ్టి చీటీ: "గాయపడిన ఆటగాడు ఆడేందుకు అనుమతించబడ్డాడు." అనుమతించినదెవరు? కర్మణి ప్రయోగం పిరికివాళ్లు కప్పుకునే దుప్పటి. ఆ మాటే కోచ్ రస్క్‌తో అన్నాను. మాస్టారూ, మీరు చదవండి చాలు, మార్కులు వెయ్యకండి అన్నాడు. పక్కవాళ్లు నవ్వారు.

అక్టోబరు 5, శనివారం

డెస్మండ్ టాలివర్ నా పాత విద్యార్థి, ఇప్పుడు కాలేజీ జట్టులో ఆడుతున్నాడు. బంతి చంకలో పెట్టుకుని దూసుకుపోతాడు. ఇవాళ అతని హెల్మెట్, ఎదుటివాడి హెల్మెట్ ఢీకొన్న చప్పుడు నా మైకు గదిదాకా వినిపించింది. లేచాడు. తిన్నగా అవతలి జట్టు గుంపులోకి వెళ్లి నిలబడ్డాడు.

జనానికి అది వేళాకోళంగా తోచింది.

అక్టోబరు 8, మంగళవారం

డెస్మండ్‌ని చూడటానికి వెళ్లాను. నాయనమ్మ లొరేన్‌తో ఉంటాడు, మా వీధిలోనే. వరండాలో కళ్లు చికిలించుకుని కూర్చున్నాడు.

"రేపు గెలిచాం, మాస్టారూ."

నల్లబల్ల మీద నేను రాసినదాంట్లోనే క్రియ కాలం తప్పని పట్టేసిన కుర్రాడు వీడు.

లొరేన్ నన్ను వంటింట్లోకి పిలిచింది. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, ఇంకా పెట్టలేదేమని అడుగుతున్నాడట. వాడి చదువు ఆటకిచ్చే స్కాలర్‌షిప్ మీదే నడుస్తోందని, కోచ్‌కి ఎదురు చెప్పే ధైర్యం తనకు లేదని అంది.

అక్టోబరు 17, గురువారం

శనివారం డెస్మండ్ ఆడతాడట. ఎవరు సరేనన్నారని రస్క్‌ని అడిగాను. జట్టు గాయాలు చూసే ట్రైనర్ పేరు చెప్పాడు. ట్రైనర్ని అడిగితే డాక్టరు పేరు చెప్పాడు. కాలేజీ డాక్టరు హెనిగ్ నా ముఖంకేసి వింతగా చూసింది. ఆ కుర్రాణ్ణి తన దగ్గరికి ఎవరూ తీసుకురాలేదట.

అక్టోబరు 18, శుక్రవారం

దవడ నొప్పి. పళ్లు నూరడం వల్ల.

అక్టోబరు 19, శనివారం

స్టేడియం కిటకిటలాడింది. చీటీ వచ్చింది. "డెస్మండ్ టాలివర్ ఆడేందుకు అనుమతించబడ్డాడు."

దిద్ది చదివాను.

"డెస్మండ్ టాలివర్‌ని కోచ్ రస్క్ ఆడిస్తున్నారు. ఏ డాక్టరూ అతణ్ణి పరీక్షించలేదు."

జనంలోంచి అరుపులు, కోచ్ మీద కాదు, నా మీద. ముసలాడి నోరు మూయించమన్నారు. మైకు ఆగిపోయింది. కిందికి చూస్తే లొరేన్ మెట్లు దిగుతోంది. భుజాన సంచీతోనే మైదానంలోకి నడిచి, మనవడి హెల్మెట్ ముందున్న చువ్వలు పట్టుకుని, చెవి మెలేసి లాక్కొచ్చినట్టు బయటికి తీసుకొచ్చింది. ఆపే ధైర్యం ఒక్కడికీ లేకపోయింది.

ఓడిపోయాం. గేటు దగ్గర డెస్మండ్ ఎదురయ్యాడు.

"నా ఆట చంపేశావ్."

మాస్టారూ అనలేదు.

నవంబరు 6, బుధవారం

కాలేజీ నుంచి కాగితం వచ్చింది. మధ్యాహ్నం డెస్మండ్ వచ్చాడు. నాయనమ్మ పంపిన మొక్కజొన్న రొట్టె బల్ల మీద పెట్టాడు. ఈ ఏడాది మైదానంలో అడుగు పెట్టకూడదని పట్నం డాక్టరు చెప్పాడట. నా ముఖం చూడలేదు. కాగితం చేతికిచ్చి పైకి చదవమన్నాను. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివాడు.

"మైకు బాధ్యతల నుంచి మీరు తొలగించబడ్డారు."

ఆగాడు. మళ్లీ చూశాడు.

"దీనికి కర్త లేడు, మాస్టారూ."

ఇంకోసారి చదవమన్నాను. పైకి.