లెక్కలోకి రాని పిల్ల

టోక్యో, ఫిబ్రవరి

అమ్మా,

నువ్వు పంపిన కమలాపళ్ల పెట్టె చేరింది. సగం ఆఫీసులో పంచాను. మిగతావి వంటింట్లో అలాగే ఉన్నాయి, తొక్క తీసే ఓపిక కూడా లేకుండా ఉంది నాకు. ఫోన్ చేస్తే ఒనోమిచిలో గాలి ఎలా వీస్తోందో చెప్పి పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు. అందుకే రాస్తున్నాను.

విషయం ‘పొగమంచు రేవు’. అప్పుడే మడిచి పక్కన పెట్టకు.

ప్రచురణ సంస్థ నుంచి ఓబా అనే ఆయన కొత్తగా ఈ పని మీదికి వచ్చాడు. మన మాంగా, ఆ బొమ్మల కథ చదువుతూ పెరిగినవాడు. నా ఎదురుగా కూర్చుని మన ఇంటి కథ నాకే అప్పజెప్పాడు. “మీ అమ్మగారు కథ రాసేవారు, మాస్టారు, అదే మీ నాన్నగారు, బొమ్మలు వేసేవారు, ఇద్దరికీ కలిపి ఉమినో అని ఒకే కలంపేరు. పడవ నడిపే గొన్జి, అతని భార్య ఒరిన్, దీవుల మధ్య మనుషుల్నీ దయ్యాల్నీ రేవు దాటిస్తుంటారు. పందొమ్మిదో సంపుటంలో వాళ్లకి కొమామె అని పాప పుడుతుంది. ఇరవై ఏడో సంపుటం దగ్గర మీ అమ్మానాన్నలు...” అని ఆగిపోయాడు.

“విడిపోయారు. చెప్పండి, ఫరవాలేదు, అప్పుడు నేను అక్కడే ఉన్నాను” అన్నాను.

గొడవంతా అక్కణ్నుంచే. ఇరవై ఎనిమిది నుంచీ నాన్న ఒక్కడే నడిపాడు. ముప్పయ్యో సంపుటంలో తుఫాను తెప్పించి ఒరిన్‌ని చంపేశాడు. నువ్వేమో వేరే చిన్న సంస్థలో నీ సొంత పేరుతో మూడు నవలలు రాసి, ఒరిన్‌ని బతికించి, గొన్జి చేత పడవ అమ్మించి, ఇద్దరి చేతా కొండవాలున ఉల్లిపాయలు పండించావు. అభిమానులు ఇన్నేళ్లుగా దీనిమీద కొట్టుకుంటూనే ఉన్నారు. ఇరవై ఏడుతోనే అసలు కథ అయిపోయిందని కొందరంటారు. మాస్టారి గీత ఎక్కడుంటే అదే అసలని ఇంకొందరు. విడాకుల కోపం పాపం ఒరిన్ మీద తీర్చుకున్నాడని ఎవడో రాస్తే, దాని కింద ముక్కూ మొహం తెలియనివాళ్లు మన ఇంటి సంగతుల మీద తిట్టుకున్నారు. అవన్నీ చదవడం కూడా నా ఉద్యోగమే.

ఇప్పుడు దాన్ని టీవీకి బొమ్మల సీరియల్‌గా, కొత్త యానిమేగా తీస్తున్నారు, దాంతోపాటు వీడియో ఆటలు, ప్రదర్శన. పెట్టుబడి పెట్టేవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు: ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు? ఒక అధికారిక కాలక్రమం కావాలట. హక్కులు చూసేది నేను కాబట్టి దానిమీద నా ముద్ర పడాలి.

ఒక్క మాట చెప్పమ్మా. ఒరిన్ బతికుందా, పోయిందా? నువ్వు పుట్టించిన మనిషి, నువ్వు చెప్తే సరిపోతుంది. ఈ ఆదివారం నా దగ్గర ఉంటావా, నాన్న దగ్గరికి వెళ్తావా అని చిన్నప్పుడు నువ్వు అడిగినప్పుడల్లా గోడకేసి చూస్తూ నిలబడేదాన్ని. ఇప్పుడు ఇది తేల్చమంటే నావల్ల ఎలా అవుతుంది?

నీ జవాబు కోసం చూస్తూ,
మిచిరు


టోక్యో, మార్చి

అమ్మా,

నీ కార్డు వచ్చింది. “నీ ఇష్టం. దగ్గు తగ్గిందా?” అంత పెద్ద ఉత్తరానికి ఇదీ జవాబు. దగ్గు తగ్గలేదు. నా ఇష్టం ఏమిటో నాకే తెలిస్తే నిన్ను ఎందుకు అడుగుతాను?

సరే అని నాన్న దగ్గరికి వెళ్లాను. ఆయన గది ఏం మారలేదు. కూర్చోవడానికి కుర్చీ కావాలంటే ముందు దానిమీద కాగితాలకి చోటు వెతకాలి. అసిస్టెంట్లు మానేశాక ఆయనే ఓడెన్ పులుసు వండుకుంటున్నాడు. ముల్లంగి ముక్కలు ఉడికీ ఉడికీ గరిటె తగిలితేనే విరిగిపోతున్నాయి.

“నాన్నా, ఏది అసలు కథ?” అని అడిగాను.

“ఎవరు అడుగుతున్నారు?”

“అందరూ.”

“అందరికీ ఏది నచ్చితే అది.”

“అలా రాసి ముద్ర వెయ్యలేను.”

“అయితే మీ అమ్మ ఏం చెప్పింది?”

“నీ ఇష్టం అంది.”

“చూశావా, ఎంత కలిసికట్టుగా ఉన్నామో” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నీ నవలలు చదివావా అని అడిగితే, ఉల్లిపాయల భాగం బాగుందన్నాడు. ఒరిన్‌ని ఎందుకు చంపావంటే, “అది మాట్లాడాల్సిన మాటలు నాకు రాయడం రాలేదు. మీ అమ్మ రాసినట్టు ఎంత ప్రయత్నించినా రాలేదు. గొంతు లేని మనిషిని పడవలో ఎన్నాళ్లు తిప్పను?” అన్నాడు. ఆ మాట మాత్రం నిజంగానే అన్నాడు, గరిటె కింద పెట్టి మరీ.

దాంతో ధైర్యం వచ్చి అసలు ప్రశ్న అడిగాను. “మరి కొమామె ఏమైంది?”

“ఏ కొమామె?”

“నాన్నా.”

“పడవలో చోటు సరిపోలేదు” అన్నాడు. టీ పెడతానని లేచి వెళ్లి ఎంతసేపటికీ రాలేదు. నేను వచ్చేశాను. రైల్లో నిలబడే వచ్చాను. ఖాళీ సీటు ఉందని దిగేదాకా చూసుకోలేదు.

మిచిరు


టోక్యో, మార్చి నెలాఖరు

అమ్మా,

ఇదే చివరి ఉత్తరం అనుకో, ఈ విషయం మీద.

ఓబా గారు ముసాయిదా తెచ్చాడు. నాన్న సంపుటాలు అసలు ధార. నీ నవలలు ‘మరో లోకం’. ఇంతవరకూ నేను ఊహించిందే. ఆ కింద ఇంకో గీత గీసి, “కొమామె కనిపించే కథలు: అనుబంధం” అని ఉంది.

“అంటే?” అన్నాను.

“పందొమ్మిది నుంచి ఇరవై ఏడు దాకా ఆ పాప ఉందండీ. ఆ తర్వాత మాస్టారి కథలో ఒక్కసారి కూడా ఎవరూ ఆ పేరు ఎత్తరు. ఒరిన్ చచ్చిపోతున్నప్పుడు కూడా. మీ అమ్మగారి నవలల్లో ఆ ఇంట్లో రెండే గిన్నెలు, రెండే పరుపులు. ఎటు చూసినా పాప ఉన్నట్టు పొసగదు. అందుకని...”

“అందుకని లేదనేస్తారు.”

“తీసెయ్యడం కాదండీ, పక్కన పెట్టడం.”

అతని తప్పు లేదు. బుద్ధిగా చదివాడు, చదివిందే చెప్పాడు. నేను బడి రోజుల్లోనే చదివి కనిపెట్టిందే అతను ఇప్పుడు కాగితం మీద పెట్టాడు.

నీకు ఎప్పుడూ చెప్పలేదు. నాన్న కొత్త సంపుటం వచ్చినప్పుడల్లా కొట్టుకి పరిగెత్తి, నిలబడి మొత్తం తిరగేసేదాన్ని, కొమామె ఉందేమోనని. నీ మొదటి నవల వచ్చినప్పుడు హైస్కూల్లో ఉన్నాను. రాత్రంతా కూర్చుని చదివాను. అమ్మ మర్చిపోదు, అమ్మ తప్పకుండా తెస్తుంది అనుకున్నాను. నువ్వు రెండు గిన్నెలు కడిగి బోర్లించావు. కొమామె నేనని బడి మొత్తానికి తెలుసు. ఊడిన పన్ను నాది, ఊరగాయ తొట్టిలో నిద్రపోయింది నేను. మీరిద్దరూ విడిపోయి ఎవరి లోకం వాళ్లు కట్టుకున్నారు. రెండింట్లోనూ నేను లేను. ఒకరు మర్చిపోతే పొరపాటు అనుకోవచ్చు, అమ్మా. ఇద్దరూ మర్చిపోతే ఏమనుకోవాలి?

ముద్ర వేసేస్తాను. వేసి, హక్కుల బాధ్యత సంస్థకే రాసిచ్చేసి, వేరే ఉద్యోగం చూసుకుంటాను. పుట్టనే లేదని చెప్పే కాగితానికి ఆ పిల్ల చేతే ముద్ర వేయించుకోవడం మీ ఇద్దరికీ తగిన పనే.

మిచిరు


ఒనోమిచి, ఏప్రిల్

మిచిరూ,

ముద్ర వేసి ఉంటే ఉండనీ. వెయ్యకపోతే ఇది చదివేదాకా ఆగు.

నీ ఉత్తరం అందగానే మీ నాన్నకి ఫోన్ చేశాను. ఎన్నేళ్ల తర్వాతో నాకు గుర్తులేదు. “చెప్పేస్తాను” అన్నాను. “దానికి బాధ కలగకుండా చెప్పగలవా?” అన్నాడు. “ఇప్పుడు పడుతున్న బాధ నీకు తెలీదు” అన్నాను. అయితే చెప్పు అన్నాడు. అందుకని చెప్తున్నాను.

కొమామెని అడిగింది అప్పటి ఎడిటరు. పత్రికలో మన కథకి పాఠకుల ఓట్లు పడిపోతున్నాయి, ఒక పాపని పెట్టండి అన్నాడు. ఇంట్లో నువ్వున్నావు. నువ్వు ఏం చేస్తే అది నేను రాసేశాను, మీ నాన్న గీసేశాడు. ఓట్లు పెరిగాయి. నువ్వు పక్క తడిపిన సంగతి కూడా రాశాం. కొమామె పడవ తెరచాప కింద పరుపు దాచిపెడుతుంది చూడు, ఆ కథ. జనం పడీ పడీ నవ్వారు.

అప్పుడు నువ్వు మూడో తరగతి. ఆ సోమవారం, మన కథ వేసే వారపత్రిక వచ్చిన రోజు, మీ తరగతిలో ఎవరో బల్లమీద ఆ పరుపు బొమ్మ గీసి నీ పేరు రాశారు. నువ్వు ఇంటికొచ్చి బ్యాగు దించకుండానే మా గదిలోకి వచ్చావు. మేమిద్దరం ఆ రోజు కూడా గొడవపడుతూనే ఉన్నాం. నువ్వు ఏడవలేదు. “నన్ను అందులోంచి తీసెయ్యండి. ఇంకెప్పుడూ పెట్టొద్దు. ఇద్దరూ” అన్నావు. ఆ తర్వాత వారం రోజులు జ్వరం. లేచాక ఆ మాట నువ్వు ఎత్తలేదు. మర్చిపోయావని సంతోషించి మేమూ ఎత్తలేదు.

ఆ వారం పేజీలు అప్పటికే పూర్తయ్యాయి. మీ నాన్న కొమామె ఉన్న గడులన్నిటిలోనూ తెల్లరంగు పూసి, ఆ చోట బియ్యం బస్తాలు గీశాడు. ఇరవై ఎనిమిది మొదట్లో పడవ నిండా ఉన్న ఆ బస్తాల అర్థం ఏమిటని అభిమానులు ఇంకా వాదించుకుంటున్నారేమో. వాటికి అర్థం లేదు. నువ్వు వద్దన్నావు, అంతే.

మేం విడిపోవడం అప్పటికే ఖాయమైపోయింది. ఇది దానికి కారణం కాదు, అది కూడా గుర్తుపెట్టుకో. వార్డు ఆఫీసులో విడాకుల కాగితం ఇచ్చేసి పక్కనే ఉన్న సోబా నూడుల్స్ కొట్లో కూర్చున్నాం. కలంపేరు తనకి, నా కథ నాకు. ఇల్లు, పుస్తకాలు, పిల్లి, అన్నిటికీ వాదించుకున్నాం. కొమామె సంగతి వచ్చేసరికి “అది వద్దంది కదా” అన్నాడు మీ నాన్న. “అవును, వద్దంది” అన్నాను. వాదన లేకుండా తేలింది అదొక్కటే.

పాప ఏదని పాఠకులు ఉత్తరాలు రాశారు. పాప లేకే అమ్మకాలు పడిపోయాయని, మళ్లీ తెమ్మని ఎడిటరు మీ నాన్నని ఏడాదిపాటు వేపుకు తిన్నాడు. ఆయన నోరు విప్పలేదు. నీకు ఎందుకు చెప్పలేదంటావా? అందరూ కథ పాడైందంటుంటే, నా మాట వల్లే పాడైందని నువ్వు అనుకుంటావేమోనని. నేనూ అందుకే ఊరుకున్నాను. మొదటి నవలలో ఆ రెండు గిన్నెల దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. మూడో గిన్నె రాశాను, కొట్టేశాను.

నీ ఇష్టం అని కార్డులో రాసింది విసుక్కుని కాదు. ఆ పిల్ల విషయం తేల్చే హక్కు మా ఇద్దరికీ లేదు. తిరిగి రావాలంటే నువ్వే పిలవాలి. వద్దంటే అనుబంధంలో కూడా వద్దు.

దగ్గుకి ముల్లంగి ముక్కలు తేనెలో ఊరబెట్టి ఆ రసం తాగు. మీ నాన్న ఓడెన్‌లోవి కాదు, పచ్చివి.

అమ్మ


టోక్యో, ఏప్రిల్

అమ్మా,

ముద్ర వెయ్యలేదు.

నీ ఉత్తరం చదివాక బడిలో ఆ బొమ్మ గుర్తొచ్చింది. నేను అడిగిన మాట మాత్రం ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. అంత చిన్నపిల్ల ఒక్కసారి అన్న మాట మీద మీరిద్దరూ ఇన్నాళ్లు నిలబడ్డారా? నా ముందు ఒక్క విషయంలో కూడా ఒప్పుకోని మనుషులు. కోపం ఇంకా పోలేదు, నిజం చెప్తున్నాను. ఎప్పుడో ఒకసారి చెప్పి ఉండొచ్చు. కొట్లో నిలబడి అన్ని పుస్తకాలు తిరగేసే పని తప్పేది.

నిన్న ఓబా గారికి నా కాలక్రమం ఇచ్చాను. ఇరవై ఏడు దాకా అంతా లెక్కలోకి వస్తుంది, కొమామెతో సహా. ఆ తర్వాత నాన్నదీ వస్తుంది, నీదీ వస్తుంది. ఒరిన్ ఒకచోట పోయింది, ఒకచోట ఉల్లిపాయలు నాటుతోంది. ఆయన తల పట్టుకున్నాడు.

“రెండూ ఎలా కుదురుతాయండీ?”

“మా ఇంట్లో కుదిరాయి.”

కాసేపు రాసుకుని, మళ్లీ తలెత్తి అడిగాడు. “మరి ఇరవై ఏడు తర్వాత ఆ పాప ఏమైనట్టు?”

“పెద్దదైంది.”

“ఆ మాట ఏ సంపుటంలో ఉంది?”

“ఎందులోనూ లేదు. నేను చెప్తున్నాను, రాసుకోండి.”

“యానిమేలో పెద్దయిన కొమామెని చూపించొచ్చా?” అని ఆశగా అడిగాడు.

“వద్దు. ఆమెకి ఇష్టం లేదు” అన్నాను.

ఓబా గారు నా మొహంలోకి చూశాడు. తర్వాత చాలా మెల్లగా అన్నాడు, “అభిమానులు ఒక్కటి తప్పకుండా అడుగుతారండీ. ఆ పాప ఎవరి దగ్గర పెరిగింది?”

గోడకేసి చూడలేదమ్మా.

“ఇద్దరి దగ్గరా” అన్నాను.

ప్రేమతో,
మిచిరు