జానెడు కోత ముందు నాలుగు ప్లాస్టర్లు

అన్నా,

సూర్యాపేటలో నా పిత్తాశయాన్ని రాళ్లతో సహా తీసేశారు. నీకు కోసినట్టు కోయలేదు. పొట్టకు నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి పని ముగించి, మర్నాడే ఇంటికి పంపేశారు.

చివ్వెంల నుంచి మేనత్త బ్రెడ్డు, కొబ్బరిబోండాలు పట్టుకుని, ఏడవడానికి సిద్ధమై వచ్చింది. నా ప్లాస్టర్లు చూసి మొహం ముడుచుకుంది. "గింతేనా? దీనికేనా నేను బస్సెక్కి ఉరికొచ్చింది!"

ఆపరేషన్‌లో పొట్టలోకి నింపిన గ్యాస్ వల్ల భుజం పీకుతోందన్నాను.

"కడుపుల కోస్తే భుజం నొస్తదా? నాటకాలు చెయ్యకు. ఆపరేషనంటే మీ అన్నదే బిడ్డా! జానెడు కోత. ఇంటికొచ్చినోళ్లందరికీ అంగీ లేపి సూపెట్టేటోడు," అంది. అంతలోనే నువ్వు లేవని గుర్తొచ్చి, నాకోసం తెచ్చుకున్న ఏడుపంతా నీకోసం ఏడ్చేసింది.

నవ్వితే కుట్లు లాగుతాయని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఏడ్చినా లాగుతాయని చెప్పలేదు.