మా ఊళ్ళో చూడదగ్గవి

1, ఆదివారం. పొద్దున్న 7
మా ఆవిడకి బదిలీ అయింది. టీచరమ్మ కదా, ఎక్కడ వేస్తే అక్కడికి పోవాల్సిందే. సముద్రం వాసన కూడా తగలని ఊరట. వచ్చే నెల ఒకటిన చేరాలి. నా ఉద్యోగం ఇక్కడే. అంటే ఆమె అక్కడ, నేనిక్కడ.

కాఫీ ఇస్తూ అంది: "ఈ ఊరొచ్చి ఆరేళ్ళయింది. సముద్రాన్ని బస్సు కిటికీలోంచి చూడ్డమే. మీతో కలిసి వెళ్దామని ఆగాను."

నేను హోటల్లో రిసెప్షనిస్టుని. లైట్‌హౌస్, కోట, పాత రేవు, పెద్ద బీచ్. వచ్చినవాళ్ళకల్లా గుక్క తిప్పుకోకుండా చెప్తాను. నేను మాత్రం ఒక్కటీ చూడలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా.

తీర్మానం: ఇంకా నాలుగు ఆదివారాలున్నాయి. నాలుగూ చూపిస్తాను. తిరుగులేదు!

సాయంత్రం: టోపీలు రెండు కొన్నాను. సగం పనయినట్టే.

8, ఆదివారం. లైట్‌హౌస్
చెప్పినట్టే ఆరింటికి బయల్దేరాం! సందు చివరికొచ్చేసరికి ఫోను. హోటల్లో నాతోపాటు చేసే అతనికి జ్వరమట. "పది నిమిషాల్లో వస్తా, ఇక్కడే కూర్చో" అని ఆమెను బస్టాపులో కూర్చోబెట్టి వెళ్ళాను.

మధ్యాహ్నం 3: ఇంకా కౌంటర్లోనే. ఈలోగా మూడు కుటుంబాల్ని లైట్‌హౌస్‌కి పంపాను. చాలా బాగుందట.

ఇంటికొస్తే ఆమె టోపీ మేకుకి తగిలించి అన్నం వడ్డించింది. ఏదో ఒకటి అనుంటే బాగుండేది.

11, బుధవారం
బావమరిది వచ్చాడు. "లైట్‌హౌస్ ఎక్కడికి పోతుంది బావా, అక్కడే ఉంటుంది" అన్నాడు. అక్షరాలా నిజం. మనసు కుదుటపడింది. "పోయేది అక్క కదా" అని కూడా అన్నాడు. వాడికి చిన్నప్పట్నించీ మాట్లాడ్డం చేతకాదు.

15, ఆదివారం. కోట
చేరాం!! ఫోను ఆపేశాను. గేటు దాటామో లేదో, "అరె, రిసెప్షన్ సారు!" అని కేక. మా హోటల్లో దిగినవాళ్ళు. సొరంగం ఎటు సార్ అన్నారు. చెప్పాను. ఫిరంగులు? అవీ చెప్పాను. చెప్తే పోయేదేముంది! కాసేపటికి చుట్టూ పెద్ద గుంపు తయారైంది. వాళ్ళ వైపు తిరిగి, వెనక్కి నడుస్తూ చెప్తున్నాను. కోటంతా నా వీపు వైపే ఉండిపోయింది.

"ఏమన్నా సందేహాలున్నాయా?" అన్నాను. గుంపు చివర్నుంచి ఒకావిడ చెయ్యెత్తింది. "సార్, మీ ఆవిడ రాలేదా?"

మా ఆవిడే. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

22, ఆదివారం. పాత రేవు
వెళ్ళలేదు. కారణాలు: ఎండగా ఉంది. మబ్బుగా కూడా ఉంది. రెండూ కలిస్తే ఒంటికి మంచిది కాదు.

ఊరికే కూర్చోలేదు. హోటల్ నుంచి రంగుల బ్రోషర్ తెచ్చి చూపించాను. "ఇంచుమించు ఇలాగే ఉంటుంది" అన్నాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, అందులో గాజు గ్లాసు చుట్టి, అట్టపెట్టెలో సర్దేసింది.

25, బుధవారం
ఇంటినిండా పెట్టెలు. బీరువాలో నా బట్టలే మిగిలాయి. నిజం రాస్తున్నాను: నాకు భయంగా ఉంది. చూడాల్సినవి మిగిలుంటే ప్రయాణం ఆగిపోతుందని ఏదో పిచ్చి నమ్మకం. ఆ మాట ఆమెతో అనొచ్చు. అనలేదు. ఆదివారానికి సెలవు మాత్రం అడిగాను. ఇచ్చారు!

29, ఆదివారం. పెద్ద బీచ్
సెలవే. కౌంటర్ తాళాలు ఇచ్చి వచ్చేద్దామని ఓసారి హోటల్‌కి వెళ్ళాను. అప్పుడే బస్సెడు జనం దిగారు. కొత్త కుర్రాడు బిత్తరపోయాడు. చూస్తూ ఎలా వదిలేస్తాను? రిజిస్టర్ లాక్కుని రాయడం మొదలుపెట్టాను.

"ఇక్కడ చూడదగ్గవేంటండీ?" అని ఎవరో ఆడమనిషి అడిగింది. తలెత్తకుండా నాలుగూ అప్పజెప్పాను. బ్రోషర్ చేతిలో పెట్టాను. "బీచ్‌కి వ్యాను బయట రెడీగా ఉందమ్మా, వెంటనే ఎక్కండి" అన్నాను.

"థాంక్సండీ."

ఆ గొంతుతో ఆరేళ్ళు కాపురం చేశాను. తలెత్తేసరికి వ్యాను గేటు దాటింది.

సాయంత్రం 5: ఆమె వ్యాను దిగింది. మోకాళ్ళ దాకా తడి, కాళ్ళనిండా ఇసుక. "ఎలా ఉంది?" అన్నాను.

"మీరు చెప్పినట్టే ఉంది. ఒక్క ముక్క తేడా లేదు." కాళ్ళ ఇసుక దులుపుకుంటూ అంది: "ఫొటో తీస్తామన్నారు. ఒక్కదాన్నే ఎందుకని వద్దన్నాను."

కళ్ళు తుడుచుకుంది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందట.

30, సోమవారం
పొద్దున్నే బస్సెక్కించాను. కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది. "నాకు నువ్వెళ్ళడం ఇష్టం లేదు" అన్నాను. "ఇప్పుడా చెప్పడం!" అని కసిరింది. బస్సు కదిలేముందు, "శనివారం వస్తాను. మొదట్నుంచీ చూపించండి" అంది.

తీర్మానం: మళ్ళీ నాలుగు ఆదివారాలు. మొదట లైట్‌హౌస్!

అట్నుంచి అటే మేనేజర్ గారి దగ్గరికి సెలవు కోసం వెళ్ళాను. "ఏంటి విషయం?" అన్నారు.

"మా ఆవిడ వస్తోంది సార్. ఊరు చూడ్డానికి."

ఆయన ఏదో పనిలో ఉన్నారు. అలవాటుగా రిజిస్టర్ తెరిచారు. "సింగిల్ రూమా, డబులా?"

"రూమొద్దు సార్. మా ఇంట్లోనే దిగుతుంది."

ఆ మాట అన్నాక అక్కడ నిలబడలేకపోయాను. బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.